హైవే మీద తప్పు ఒకటి, చలానా మరొకటి

ఫోన్‌కి చలానా మెసేజ్ వస్తే విశాఖలో చాలామంది కళ్లు ముందు వెతికేది 1,035 అనే అంకెని. వెయ్యి జరిమానా, 35 యూజర్ ఛార్జీ. హెల్మెట్ లేకపోయినా వెయ్యే, సీటు బెల్టు పెట్టుకోకపోయినా వెయ్యే. 2024 సెప్టెంబరు 1 నుంచి నగరంలో బండి వెనక కూర్చున్నవాళ్లకీ హెల్మెట్ తప్పనిసరి చేశాక ఈ అంకె ఇంటింటికీ తెలిసిపోయింది. మరి ఆనందపురం దగ్గర రాంగ్ రూట్లో ఎదురొచ్చే ట్రాక్టరుకి ఎంత? సబ్బవరం దాటాక రాత్రిపూట లైట్లు ఆర్పేసి ఆపిన ట్రాలీ లారీకి ఎంత? అడిగి చూడండి, ఠక్కున చెప్పేవాళ్లు దొరకరు. వీటికి చట్టంలో శిక్ష ఉంది. ఆపిన లారీకి అది చిన్నదే గానీ, రాంగ్ రూట్‌కి హెల్మెట్ కంటే చాలా పెద్దది. అది రోడ్డు మీదకి ఎందుకు రావడం లేదన్నదే అసలు సంగతి.

విశాఖకి ఇప్పుడు రెండు హైవేలున్నట్టు లెక్క. ఒకటి పాతది: అనకాపల్లి, లంకెలపాలెం, కూర్మన్నపాలెం, గాజువాక, ఎన్ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక, మధురవాడ మీదుగా ఆనందపురం వెళ్లేది. లోకల్ ఆటోలు, స్కూలు బస్సులు, పోర్టు లారీలు అన్నీ ఇందులోనే. ఊరివాళ్లకి హైవే అంటే ఇప్పటికీ ఇదే. రెండోది అనకాపల్లి నుంచి సబ్బవరం, పెందుర్తి పక్కగా ఆనందపురం చేరే ఆరు వరుసల బైపాస్, దాదాపు 50 కిలోమీటర్లు. పాతదాని మీద రద్దీయే బండ్లకి బ్రేకు. బైపాస్ మీద ఆ బ్రేకు లేదు. అందుకే ఒకే చెడ్డ అలవాటు రెండుచోట్లా రెండు రకాలుగా ప్రాణం మీదకి తెస్తుంది. గాజువాకలో రాంగ్ రూట్లో వచ్చే బైకు వల్ల తిట్లు, గీతలు, మహా అయితే విరిగిన కాలు. బైపాస్ మీద అదే బైకు 40లో ఎదురొస్తూ, కారు 80లో పోతుంటే, రెండూ సెకనుకి 33 మీటర్ల చొప్పున దగ్గరపడతాయి. వంద మీటర్ల దూరంలో కనబడిందనుకున్నా తేల్చుకోవడానికి మూడే సెకన్లు.

జాతీయ రహదారులు దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో రెండు శాతం చుట్టూ ఉంటాయి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 61,038 మంది పోయింది ఈ రెండు శాతం మీదే. అదే ఏడాది మరణాల్లో 71 శాతానికి పైగా ‘అతివేగం’ ఖాతాలో, సుమారు 5 శాతం ‘రాంగ్ సైడ్’ ఖాతాలో రాశారు. ఈ విభజనని నేను పూర్తిగా నమ్మను. ఆపి ఉన్న లారీని వెనక నుంచి గుద్దినవాడు చనిపోతే కాగితం మీద కారణం చాలాసార్లు అతని వేగమే అవుతుంది. లారీ అక్కడ ఎందుకుంది, వెనక లైటు ఉందా లేదా అన్నది కారణాల గడిలో పట్టదు.

ఆగిన లారీ గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. రాత్రి పదకొండు దాటాక బైపాస్ మీద వెళ్లి చూడండి. టైరు పేలో, ఇంజిన్ వేడెక్కో, లేదా ఊరికే నిద్ర ముంచుకొచ్చో లారీ ఎడమ వరుసలోనే ఆగి ఉంటుంది. వెనక అయిదారు అడుగుల దూరంలో రెండు రాళ్లు, వాటి మధ్య పచ్చి వేపకొమ్మో, కంపకొమ్మో. హెచ్చరిక త్రికోణం బండిలో ఉండాలని నిబంధన. ఉన్నా సీటు కింద కవరులో భద్రంగా ఉంటుంది. వెనక ఎర్ర రిఫ్లెక్టర్ టేపు మట్టి కొట్టుకుపోయి ఉంటుంది. బండి బాగయ్యాక కొమ్మని ఎవరూ తీయరు, రాళ్లు అసలే తీయరు. తెల్లవారుజామున పాల బండివాడికి అవి వేరే ప్రమాదం.

ఇప్పుడు లెక్క చూడండి. డిమ్ లైటు వెలుగులో లైటు లేని వస్తువు స్పష్టంగా కనిపించేది యాభై అరవై మీటర్ల దాకానే. కారు 100లో పోతుంటే సెకనుకి దాదాపు 28 మీటర్లు. చూసి, బ్రేకు మీద కాలు వేసేలోపు ఒక సెకను. ఆ తర్వాత ఎండిన రోడ్డు మీద ఆగడానికి ఇంకో 55 మీటర్లు. మొత్తం 80 పైనే. కనబడేది 60, కావలసింది 80. అంటే నాలుగు, అంతకంటే ఎక్కువ వరుసల డివైడర్ రోడ్డు మీద కారుకి 2018 నోటిఫికేషన్ అనుమతించిన గరిష్ఠ వేగం 100 దాటకుండా, మందు ముట్టకుండా, ఫోన్ చూడకుండా నడిపినవాడు కూడా ఆ లారీ కిందకి పోగలడు. వేగ పరిమితి మీద చట్టం అతన్ని తప్పు పట్టలేదు. లారీవాడిని పట్టగలదు. ఎంతకి? ప్రమాదకరంగా బండి నిలిపితే మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ ఉల్లంఘన. దానికి పడేది 177వ సెక్షన్ కింద మొదటిసారి 500 దాకా, మళ్లీ చేస్తే 1,500 దాకా. చెడిపోయిన బండి ట్రాఫిక్‌కి అడ్డంగా ఉంటే 201వ సెక్షన్ కింద 500 దాకా, క్రేన్ ఖర్చు అదనం. భారతీయ న్యాయ సంహితలో దారికి అడ్డం పెట్టడం మీద 285వ సెక్షన్ ఉంది, 5,000 దాకా జరిమానా. హెల్మెట్ లేనివాడు తన తలకి తెచ్చుకునే ముప్పుకి వెయ్యి, నలుగురున్న కారుకి ముప్పు తెచ్చేవాడికి మోటారు వాహనాల చట్టంలో 500. ఈ లెక్క సరిదిద్దాలంటే చట్టమే మార్చాలి.

మిగతా అలవాట్లు తెలిసినవే. కుడి వరుసలో 40లో పాకే లారీ, దాన్ని ఎడమ నుంచి దాటే కారు, బంపర్‌కి బంపర్ అంటించి హారన్ మోగించేవాడు, ఎదురొచ్చేవాడి కళ్లలో హైబీమ్ కొట్టి డిప్పర్ ఇవ్వనివాడు. 2017 డ్రైవింగ్ రెగ్యులేషన్లు వీటన్నిటినీ పేరు పెట్టి వద్దంటాయి. వాటిని మీరితే 177ఎ సెక్షన్ కింద 500 నుంచి 1,000. నిజం చెప్పాలంటే కుడి వరుస లారీకి ఒక కారణముంది: ఎడమ వరుసలో ఆటోలు, ఆపిన బండ్లు, కొబ్బరిబొండాల బళ్లు, రాంగ్ రూట్ బైకులు. ఆటో పరిమితి 50, లారీది 80, కారుది 100. ముగ్గురినీ ఒకే రోడ్డు మీద వదిలి వరుస పాటించమంటున్నాం.

రాంగ్ రూట్ దగ్గర కథ మారుతుంది. 2019 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల చట్ట సవరణ 184వ సెక్షన్‌ని, అంటే ప్రమాదకరమైన డ్రైవింగ్‌ని, విడమరిచి రాసింది. రెడ్ సిగ్నల్ దాటడం, స్టాప్ గుర్తు ఖాతరు చేయకపోవడం, చేతిలో ఫోన్ పట్టుకుని నడపడం, నిబంధనలకి విరుద్ధంగా ఓవర్‌టేక్ చేయడం, ట్రాఫిక్‌కి ఎదురు నడపడం, ఇంకా జాగ్రత్త గల డ్రైవరు నుంచి ఆశించేదానికి బాగా కింద ఉండే ఏ డ్రైవింగ్ అయినా ఇందులోకే. మొదటిసారి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 జరిమానా, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే జైలు రెండేళ్ల దాకా, లేదా 10,000 జరిమానా. చదివితే భయం వేయాలి. ఎవరికీ వేయడం లేదు.

దానికి కారణం 200వ సెక్షన్‌లో ఉంది. ఏ తప్పుకి పోలీసులో, బ్రేక్ ఇన్‌స్పెక్టరో అక్కడికక్కడే డబ్బు కట్టించుకుని కేసు మూసేయొచ్చో ఆ జాబితా అందులో ఉంటుంది. దీన్నే కాంపౌండింగ్ అంటారు. హెల్మెట్, సీటు బెల్టు, స్పీడు అన్నీ ఉన్నాయి. 184 మాత్రం సగమే ఉంది: చేతిలో ఫోన్ పట్టుకున్న తప్పు వరకే. రాంగ్ రూట్‌కి 184 రాస్తే చలానాతో తీరదు, కోర్టుకి వెళ్లాలి. అంటే ఎస్ఐ కేసు కాగితాలు తయారు చేయాలి, సాక్ష్యం చూపాలి, వాయిదాకి వెళ్లాలి. కొమ్మాది జంక్షన్‌లో ఎండలో నిలబడి గంటలో ఇరవై రాంగ్ రూట్ బైకుల్ని ఆపే మనిషి ఇరవైసార్లు ఆ పని చేస్తాడా? చిన్న సెక్షన్ రాసి, డబ్బు కట్టించుకుని పంపేస్తాడు. నేనైనా అదే చేస్తాను. పెద్ద శిక్ష పెట్టినచోట పెద్ద పని కూడా పెట్టడంతో అది పుస్తకంలోనే ఉండిపోయింది.

తాగి నడపడం కూడా కాంపౌండింగ్‌కి రాదు, కోర్టుకే వెళ్లాలి. అయినా డ్రంక్ అండ్ డ్రైవ్ కేసులు బాగానే నడుస్తున్నాయి. విశాఖలో పట్టుబడినవాళ్ల చేత కోర్టు ఆదేశం మీద బీచ్ శుభ్రం చేయించిన సందర్భం కూడా ఉంది. తేడా ఎక్కడంటే, ఊదుడు యంత్రం ఒక అంకె ఇస్తుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటిందా లేదా? వాదనకి చోటు లేదు, కోర్టులో నిమిషాల పని. రాంగ్ రూట్‌కీ, ముందు బండికి అంటుకుపోయి నడిపేవాడికీ అలాంటి అంకె ఇప్పటిదాకా మన చేతిలో లేదు.

ఉండే వీలు మాత్రం ఉంది. 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 167ఎ చేర్చారు. జాతీయ, రాష్ట్ర రహదారుల్లో ప్రమాదాలు ఎక్కువ జరిగే భాగాల్లోనూ, పది లక్షల జనాభా దాటిన నగరాల్లో ముఖ్యమైన కూడళ్లలోనూ కెమెరాలు, స్పీడ్ గన్‌లు, బాడీ కెమెరాలు, డాష్‌బోర్డు కెమెరాలు పెట్టించే బాధ్యత రాష్ట్రానిది. ఏయే తప్పులకి ఆ ఫుటేజీ చెల్లుతుందో జాబితా ఇచ్చారు. స్పీడు, హెల్మెట్‌తో పాటు ఆపకూడనిచోట ఆపడం, వరుస తప్పడం, ట్రాఫిక్‌కి ఎదురు నడపడం కూడా అందులో ఉన్నాయి. పరికరానికి ఏటా పరీక్ష చేసిన సర్టిఫికెట్ ఉండాలి. ఇక్కడ కెమెరా ఉందని ముందే బోర్డు పెట్టాలి. తప్పు జరిగిన 15 రోజుల్లో నోటీసు వెళ్లాలి, నంబర్ ప్లేటు కనిపించే ఫొటో, స్థలం, సమయం, ఏ నిబంధన మీరారో రాసి. చలానా వచ్చినప్పుడు ఇవి ఉన్నాయో లేదో చూసుకోవడం మన హక్కు కూడా. చాలామంది అంకె చూసి విసుక్కుని కట్టేస్తారు, లేదా లోక్ అదాలత్ దాకా ఆగుదామని వదిలేస్తారు.

బెంగళూరు–మైసూరు రహదారి ప్రధాన దారిలోకి 2023 ఆగస్టు 1 నుంచి బైకులు, ఆటోలు రాకుండా ఆపారు. వేగం పట్టే కెమెరాలు కూడా పెట్టారు. అక్కడ మరణాలు బాగా తగ్గాయి. కెమెరా వల్ల ఎంత, బైకుల్ని తప్పించడం వల్ల ఎంత అన్నది విడదీయడం కష్టం. మన బైపాస్‌కి ఆ పద్ధతి ఉన్నపళంగా తేలేం, పక్క ఊళ్లవాళ్లకి సర్వీస్ రోడ్డు తెగకుండా ఉంటే తప్ప. కానీ రాంగ్ రూట్‌కి కెమెరా చాలా తేలిక. ప్రతి వరుసలో బండ్లు ఏ దిక్కుకి కదలాలో దానికి తెలుసు, ఎదురొచ్చేదాన్ని పట్టడానికి గొప్ప తెలివి అక్కర్లేదు.

కెమెరా పట్టాక వచ్చే చిక్కు వేరు. కెమెరా చూసేది ప్లేటుని. చలానా వెళ్లేది ఓనర్‌కి. బండి అమ్మేసి ఏళ్లయినా పేరు మార్చని ఓనర్‌కి, ఎప్పుడో మారిపోయిన ఫోన్ నంబర్‌కి. లారీ విషయంలో ఇది మరీ వెలితి. పోర్టులో కంటైనర్ ఎత్తుకుని రాయపూర్ వైపు వెళ్లే ట్రాలీ స్టీరింగ్ దగ్గర ఉన్నది జీతగాడు. చలానా పడితే ఓనర్ కడతాడు, లేదా వాడి బత్తాలో కోస్తాడు. వెయ్యి రూపాయలు లారీ ఓనర్‌కి డీజిల్ లెక్కలో కూడా కనబడదు. టైముకి సరుకు చేరకపోతే పోయేది దానికి ఎన్నో రెట్లు. పైగా 183వ సెక్షన్ పరిమితిని ఎంత దాటారన్నది పట్టించుకోదు. కారు 105లో పోయినా 150లో పోయినా అదే 1,000 నుంచి 2,000. ఆస్తిపరుడికి అది టోల్ లాంటిది, కట్టి పోతాడు.

బ్రిటన్‌లో దీనికి వేరే దారి పట్టారు. అక్కడి మోటార్‌వేల మీద ముందు బండికి అంటుకుపోవడం, మధ్య వరుసని ఊరికే పట్టుకుని కూర్చోవడం అజాగ్రత్త డ్రైవింగ్‌లో పెద్ద ఫిర్యాదులు. 2013 ఆగస్టు దాకా వీటికీ కోర్టుకే వెళ్లాలి, కాబట్టి పోలీసులు పెద్దగా పట్టించుకునేవాళ్లు కాదు. అచ్చం మన 184 కథే. అప్పుడు వాటిని అక్కడికక్కడే రాయగల టికెట్‌లోకి తెచ్చారు: 100 పౌండ్లు, లైసెన్సు మీద 3 పాయింట్లు. మూడేళ్లలో 12 పాయింట్లు చేరితే మామూలుగా కనీసం ఆరు నెలలు బండి ముట్టకూడదు. డబ్బున్నవాడు 100 పౌండ్లు కట్టి మరిచిపోతాడు, 9 పాయింట్లున్నవాడు మాత్రం మరవడు. ఆ రోజు బండి నడిపింది ఎవరో ఓనర్ చెప్పకపోతే అదే వేరే నేరం, దానికి 6 పాయింట్లు. మన చట్టంలోనూ 133వ సెక్షన్ ఓనర్ డ్రైవరు వివరాలు చెప్పాలంటుంది. అడిగేవాళ్లు తక్కువ, అంతే. తెలంగాణలో 2017 ఆగస్టులో 12 పాయింట్ల పద్ధతి మొదలుపెట్టారు గానీ అది నిలదొక్కుకోలేదు.

పాయింట్ల కోసం ఎదురుచూడక్కర్లేదు, చేతిలో ఉన్నదే వాడుకోవచ్చు. 206వ సెక్షన్ ప్రకారం 183 (అతివేగం), 184 (ప్రమాదకరమైన డ్రైవింగ్), 185 (తాగి నడపడం) లాంటి తప్పుల్లో పోలీసు అధికారి డ్రైవరు లైసెన్సు తీసుకుని ఆర్టీవోకి పంపవచ్చు. ఆర్టీవో డ్రైవరు మాట విని, కారణాలు రాసి, మొదటిసారి మూడు నెలలు అనర్హత వేయవచ్చు. మళ్లీ అదే తప్పయితే లైసెన్సు రద్దే. దీనికి కోర్టు తీర్పు దాకా ఆగనక్కర్లేదు. తిరిగి తీసుకునే ముందు రిఫ్రెషర్ శిక్షణ కూడా ఉంది. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్ కమిటీ 2015లోనే అతివేగం, రెడ్ సిగ్నల్, ఓవర్‌లోడు, గూడ్సు బండిలో మనుషుల్ని ఎక్కించడం, తాగి నడపడం, ఫోన్ వాడటం అనే ఆరిటికీ కనీసం మూడు నెలలు సస్పెండ్ చేయమని రాష్ట్రాలకి చెప్పింది. ఆ ఆరింటిలో రాంగ్ రూట్ లేదు. ఇప్పుడు 184లో ఉంది కాబట్టి దారి తెరిచే ఉంది.

లైసెన్సు పోతే లారీ డ్రైవరు ఇంట్లో మూడు నెలలు పొయ్యి వెలగదనే మాట వస్తుంది. ఆ మాట నిజం. అందుకే ఇది తొందరగా, అందరి మీదా వాడే ఆయుధం కాకూడదు. ఫుటేజీ ఉండాలి, డ్రైవరు మాట వినాలి. ముప్పు ఎదుటివాడికి తెచ్చే రాంగ్ రూట్, హైవే మీద సిగ్నల్ దాటడం, దారీ తెన్నూ లేని ఓవర్‌టేక్ వరకే ఉంచాలి. లైట్లు ఆర్పి ఆపిన లారీని కూడా, బాగా తక్కువ స్థాయి డ్రైవింగ్ అన్న 184 చివరి మాట కిందకి తేవచ్చని నా వాదన. ఆపడం డ్రైవింగ్ ఎలా అవుతుందని లాయర్లు అడుగుతారు. వాదించనివ్వండి, ఒకటి రెండు తీర్పులొస్తే తేలుతుంది.

ఇక డ్రైవరుని మాత్రమే పట్టుకుంటే సరిపోదు. రాంగ్ రూట్ ఎక్కడ ఎక్కువో గమనిస్తే డివైడర్ కట్ మూసేసినచోటే కనబడుతుంది. ఊరు ఇటు, పొలం అటు. యూ టర్న్ ఎక్కడో దూరాన. ట్రాక్టరువాడు ఆ డీజిల్ ఖర్చు చూసుకుని అర కిలోమీటరు ఎదురొస్తాడు. ‘ఇక్కడే కదండీ, రెండు నిమిషాలు’ అంటాడు. అతనికి చలానా వేయాల్సిందే, కానీ అక్కడ సర్వీస్ రోడ్డు మధ్యలో తెగిపోయి ఉంటే రోడ్డు వేసినవాళ్లనీ అడగాలి. 198ఎ సెక్షన్ ప్రకారం డిజైన్, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మరణమో, వైకల్యమో కలిగితే కాంట్రాక్టరుకి, కన్సల్టెంట్‌కి, అధికారులకి లక్ష దాకా జరిమానా పడుతుంది. 500 మీటర్ల లోపల మూడేళ్లలో మరణాలు, తీవ్ర గాయాలున్న ప్రమాదాలు 5 జరిగినా, 10 మంది పోయినా అది బ్లాక్ స్పాట్ అని కేంద్ర రవాణా శాఖ లెక్క. మొదటి కెమెరా అక్కడ పెట్టాలి, మొదటి మరమ్మతు కూడా అక్కడే.

ఈలోపు రాత్రి బైపాస్ మీద లైటు లేని లారీ కనబడితే మీరు ఆగి దిగొద్దు, మీ బండి ఇంకో అడ్డం అవుతుంది. దాటాక భద్రమైనచోట ఆపి జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి. అవతలివాళ్లు మొదట అడిగేది ఎక్కడ అని. ‘సబ్బవరం దగ్గర’ అంటే పెట్రోలింగ్ బండి వెతుక్కుంటూ తిరుగుతుంది. రోడ్డు పక్కన పసుపు, తెలుపు రాయి మీద ఉన్న కిలోమీటరు అంకె, లారీ అనకాపల్లి వెళ్లే వైపుందా ఆనందపురం వెళ్లే వైపుందా అన్నది చెప్పండి.